ఉన్నవారి కొరకు కూర్చిన సంగీతము

ధ్యానము కొరకు: అపొస్తలుల కార్యములు 16:19–34, 1 కొరింథీయులకు 14:26–33, ప్రకటన 10:1–7



అయ్యగారు రాని ఆదివారమున మీ ఊరి గుడిలో ఏమి జరుగుచున్నది?

ఒక్క పాస్టరుగారికి అయిదారు గ్రామములు అప్పగింపబడిన చోట, ఆయన ప్రతి గ్రామమునకును ప్రతి వారము రాజాలరు. ఆయన రాని వారము కొన్ని ఊళ్ళలో గంట మ్రోగును, కొన్ని ఊళ్ళలో మ్రోగదు. మ్రోగని ఊరివారిని కారణమడుగుడి. "మేమున్నది పట్టుమని పదిమందిమి. హార్మోనియము వాయించు కుఱ్ఱవాడు పని కొరకు పట్టణమునకు పోయెను. వాక్యము చెప్పగలవారు లేరు. అయ్యగారు వచ్చిన వారమే ఆరాధన చేసికొందుము" అందురు. ఇది సోమరుల జవాబని నేననను. అది నిజమైన లేమియే. ఇంటికి పెద్దదిక్కు లేనినాడు పొయ్యి వెలిగించుటకును మనస్సు రాదు గదా.

అట్టి లేమిలో నున్నవారి యెదుట నేడు ఒక సంగీతసభను గూర్చిన వృత్తాంతమును పెట్టగోరుచున్నాను. అది మన దేశమున జరిగినది కాదు, మన సంగీతమును కాదు. దానిని కూర్చినవాడు మన సంఘస్థుడు కాడు, రోమను కథోలికుడు. అయినను కొద్దిమంది కూడిన సంఘము ఎట్లుండవలెనో ఆ సభలో కనబడినంత తేటగా మరియొక చోట కనబడుట అరుదు గనుక, ఓపికతో వినుడి.

ముందుగా ఒక సంగతి వివరింపవలెను. పాశ్చాత్య దేశములలో ఆర్కెస్ట్రా అను పెద్ద మేళమున్నది. ఎనభైమంది, ఒక్కొక్కప్పుడు నూరుమంది వాద్యకారులు ఒక్కచోట కూర్చుండి వాయింతురు. వారి యెదుట ఒకడు మెట్టుమీద నిలిచి, చిన్న కర్ర చేతపట్టుకొని తాళము చూపును. ఎవరు ఎప్పుడు ఎత్తుకొనవలెనో, ఎవరు తగ్గవలెనో ఆ కర్రయే చెప్పును. ఒకే స్వరమును పదునాలుగు పదునారుగురు ఫిడేళ్ళవారు కలిసి వాయింతురు గనుక, వారిలో ఒకని విల్లు తడబడినను ప్రక్కవారి ధ్వని దానిని కప్పివేయును. ఒకడు రాకపోయినను సభకు తెలియదు.

ఆ పెద్ద మేళములోనివారే కొన్ని సాయంకాలములు ముగ్గురో నలుగురో అయిదుగురో విడిగా కూడి వాయించుట కలదు. దీనిని చేంబరు సంగీతమందురు, అనగా గదిలో వాయించుకొను సంగీతము. ఇక్కడ కర్ర పట్టువాడు లేడు. ఒక్కొక్కని పాలు ఒక్కొక్కడే వాయింపవలెను. తడబడినయెడల కప్పువారు లేరు. ఆ సభకు పోయి దగ్గరగా కూర్చున్నవారు మొదట చూచునది యేమనగా, వాద్యకారులు ఒకరి ముఖమొకరికి కనబడునట్లు అర్ధచంద్రాకారముగా కూర్చుందురు. ఆరంభించువాడు విల్లు కొంచెమెత్తి శ్వాస లోనికి తీసికొనును. ఆ శ్వాసయే తక్కినవారికి సూచన. మన భజన కూటములలోను ఇట్టిది లేకపోలేదు. డోలకు వాయించువాడు పాట ఎత్తుకొనువాని పెదవులనే చూచుచుండును. వంతపాడువారు వాని ఊపిరి ఎప్పుడు ఆగునో ఎరిగియుందురు. ఎవరును కర్ర ఊపరు. చూపును చెవియును కర్రకు మారుగా నిలుచును.

ఇక వృత్తాంతమునకు వత్తము.

1940వ సంవత్సరము జూన్ మాసమున జర్మను సైన్యము ఫ్రాన్సు దేశమును ఓడించెను. లక్షలకొలది ఫ్రెంచి సైనికులు చెరపట్టబడిరి. వారిలో ఒలివియే మెస్సియాన్ అను ముప్పదియొక యేండ్లవాడు ఒకడు. ఆయన 1931 మొదలుకొని పారిసు నగరమున త్రినిటే అను గుడిలో ఆర్గను వాయించువాడు, సంగీతము కూర్చువాడు. చూపు మందము గనుక సైన్యములో ఆయనకు తుపాకి పని గాక ఆసుపత్రి పని ఇచ్చియుండిరి. చెరపట్టబడినవారిని పోగుచేసిన ఒక బయలులో, ఆయనయొద్ద ఇద్దరు వాద్యకారులుండిరి. హెన్రీ అకోకా అనువాడు ఫ్రెంచి రేడియోవారి జాతీయ ఆర్కెస్ట్రాలో క్లారినెట్టు వాయించువాడు. ఇతడు ఆల్జీరియాలో పుట్టిన యూదుడు. క్లారినెట్టు మీరెరిగినదే, మన పెండ్లి బ్యాండులలో వినబడునదే. రెండవవాడు ఎతియెన్ పాస్కియే. ఇతడు చెల్లో వాయించువాడు, అనగా మోకాళ్ళ నడుమ నిలిపి వాయించు పెద్ద ఫిడేలు. తన యిద్దరన్నలతో కలిసి ముగ్గురి మేళముగా పేరుపొందినవాడు. అకోకాయొద్ద తన క్లారినెట్టు మిగిలియుండెను. పాస్కియేయొద్ద ఏమియు లేదు. మెస్సియాన్ వ్రాసి యిచ్చిన కాగితమును పాస్కియే చేతులతో ఎత్తి పట్టుకొని నిలువగా, అకోకా ఆ బయలులోనే దానిని చూచి వాయించెను. నాకు మిక్కిలి కష్టముగా నున్నది, వాయింపజాలనని అకోకా గొణుగుచుండగా, నీవు వాయింపగలవని మెస్సియాన్ బదులు చెప్పుచుండెనట.

తరువాత వారిని గెర్లిట్స్ పట్టణమునొద్దనున్న ఖైదీల శిబిరమునకు పంపిరి. ఆ శిబిరము స్థలము నేడు పోలండు దేశములో, నైసా నదికి తూర్పుననున్న జ్గొజెలెట్స్ పట్టణమునొద్ద నున్నది. అక్కడ వారికి జాన్ లె బూలేర్ అను ఫిడేలు వాద్యకారుడు దొరకెను. చెల్లో కొరకు తోటి ఖైదీలు తమయొద్దనున్న కొద్ది డబ్బును పోగుచేసి యిచ్చిరి. పాస్కియే కావలివారి వెంట పట్టణములోనికి పోయి ఒకటి కొనితెచ్చెను. కొంతకాలమునకు పాత పియానో ఒకటి శిబిరమునకు వచ్చెను. దాని మెట్లలో కొన్ని నొక్కిన తరువాత పైకి లేవవు. దాని శ్రుతియు సరిగా లేదు.

ఇప్పుడు ఒక మాట గమనింపుడి. క్లారినెట్టు, ఫిడేలు, చెల్లో, పియానో: ఈ నాలుగింటిని కలిపి వాయించుట ఆ దేశములలో వాడుక కాదు. సంగీతము కూర్చువాడు తన యింట సావకాశముగా కూర్చుండి యోచించినయెడల ఈ నాలుగింటిని ఏరుకొనియుండుట అరుదు. మెస్సియాన్ వాటిని ఏరుకొనలేదు. అవియే ఉండెను. ఆ మనుష్యులే ఉండిరి. రెండవ ఫిడేలువాడు వచ్చువరకు ఆగుదమని, మంచి పియానో దొరకిన తరువాత చూతమని ఆయన యనలేదు. ఉన్నవారి వ్రేళ్ళకును, ఉన్నవారి ఊపిరికిని తగినట్లు ఎనిమిది భాగముల సంగీతము వ్రాసెను. వాటిలో రెండు భాగములు యుద్ధమునకు ముందు వేరు వాద్యముల కొరకు తాను కూర్చినవే. ఆ వాద్యములు ఇక్కడ లేవు గనుక వాటిని ఈ చేతులకు సరిపడునట్లు మార్చెను.

మనమైతే ఎట్లు చేయుదుము? గుడిలో ఎవరు లేరో లెక్కించుదుము. ఫలాని దానియేలుగారు బ్రదికియున్న దినములలో పాట ఎట్లుండెనో చెప్పుకొందుము. చదువుకొన్న పిల్లలు ఊరు విడిచిపోయిరని నిట్టూర్చుదుము. ఇంతలో కూర్చున్న పదిమందిని చూడము. చదువురాని రాహేలమ్మ యున్నది, ఆమెకు నూరు కీర్తనలు నోటికి వచ్చును. బండి తోలు ఏసోబు ఉన్నాడు, వానికి గొంతు లేదు గాని తాళము తప్పదు. బడికి పోవు ఆడపిల్ల యున్నది, అది బైబిలు తడుముకొనకుండ చదువును. దేవుడు ఆ వారము ఆ ఊరి కొరకు కూర్చిన మేళము ఇదే. పౌలు కొరింథు సంఘమునకు వ్రాయునప్పుడు కూడివచ్చిన ఒక్కొక్కనియొద్ద ఏదో ఒకటి యుండునని, ఒకనియొద్ద కీర్తన, ఒకనియొద్ద బోధ, ఇట్లు లెక్కించెను. లేనివాటి పట్టీ ఆయన వ్రాయలేదు.

1941వ సంవత్సరము జనవరి 15వ తేదీ సాయంకాలమున, మంచుపడి చలి కొరుకుచుండగా, ఆ శిబిరములో నాటకశాలగా వాడుచున్న ఒక కొయ్య బారకాసులో ఈ నలుగురును వాయించిరి. ముందు వరుసలో జర్మను అధికారులు కూర్చుండిరి. వెనుక ఖైదీలు నిండిరి. వారిలో రైతులును, కూలివారును, వైద్యులును, గురువులును ఉండిరి. సుమారు ఏబది నిమిషములు ఆ సంగీతము సాగెను.

ఆ ఎనిమిది భాగములలో నాకు మిక్కిలి విలువగా తోచునది వాయించుట కాదు, ఊరకుండుట. మూడవ భాగము క్లారినెట్టు ఒక్కటే. బయలులో అకోకా గొణిగిన పాట అదే. వినబడీ వినబడనంత సన్నగా ఒక స్వరము పుట్టి, ఒక్క ఊపిరిలో పెరిగి పెరిగి గది నిండును. అంతసేపు తక్కిన ముగ్గురు చేతులు కట్టుకొని కూర్చుండవలెను. నాలుగవ భాగములో పియానోకు పనిలేదు. అది పియానో రాకమునుపు వ్రాసినది. ఆ ముగ్గురు దానిని మొదట శిబిరములోని స్నానాలగదిలో వాయించి చూచిరి. అయిదవ భాగము చెల్లోకును పియానోకును. యేసు నిత్యత్వమునకు స్తుతి అని దాని పేరు. మిక్కిలి నెమ్మదిగా సాగు ఆ పాట జరుగుచున్నంతసేపు ఫిడేలువాడును క్లారినెట్టువాడును కదలరాదు. చివరిదైన ఎనిమిదవ భాగములో ఫిడేలు, పియానో మాత్రమే. అప్పుడు చెల్లోయు క్లారినెట్టును మౌనము. సభ ముగియు వేళ, అందరి చూపులు అటు నున్నప్పుడు, నలుగురిలో ఇద్దరు ఊరక కూర్చుండవలెను.

వారు పని లేక కూర్చుండలేదు. వాద్యకారుని కాగితములో వాయింపవలసిన స్వరములకు గుర్తులున్నట్లే ఊరకుండవలసిన కాలమునకును గుర్తులున్నవి. దానిని కూర్చినవాడే వ్రాసెను. ఆ గుర్తును లక్ష్యపెట్టక వాయించినవాడు, ఎంత మధురముగా వాయించినను, పాటను చెరుపును.

ప్రియులారా, మన చిన్న సంఘములలో కలహము తరచుగా ఎక్కడ పుట్టుచున్నదో మీరెరుగుదురు. పాట ఎవరు ఎత్తుకొనవలెను? ప్రార్థన ఎవరు చేయవలెను? ఒకరు ప్రార్థనకు లేచినయెడల అరగంట కూర్చుండరు. మరియొకరు ఎత్తుకొన్న పాటకు ఇంకొకరు వేరు రాగము పట్టి గొంతు హెచ్చింతురు. తన పాట పాడనియ్యలేదని ఒక సహోదరుడు మూడు నెలలు గుడి మెట్టు ఎక్కక మానును. సంఘములు విరుగుట సిద్ధాంతముల వలన కొంతయే. ఎక్కువగా ఇందువలననే అని నా తలంపు. దీనికి పౌలు చెప్పిన మందు చాల చిన్నది. ఒకడు మాటలాడుచుండగా కూర్చున్న మరియొకనికి ఏదైన బయలుపరచబడినయెడల మొదటివాడు ఊరకుండవలెనని ఆయన వ్రాసెను. గమనింపుడి, మొదటివానిది తప్పుడు మాట అని ఆయన యనలేదు. వాని మాట మంచిదే, అయినను ఊరకుండవలెను. ఊరకుండుటయు వానికి అప్పగింపబడిన పాలే. ప్రకటన గ్రంథము 8వ అధ్యాయములో పరలోకమందే అరగంట సేపు నిశ్శబ్దము కలిగెనని యున్నది. అక్కడ దూతలు ఊరకుండగలిగిరి, మన పెద్దలు ఊరకుండజాలరా?

ఆరవ భాగము దీనికి ఎదురైనది. అందులో నలుగురును ఒకే పాటను, తోడు స్వరము లేకుండ, ఒక్కటిగా వాయింతురు. ప్రకటన గ్రంథములోని ఏడు బూరల పేర దానిని వ్రాసెను. వినువారికి అది సులువని తోచును. వాద్యకారులనడిగినయెడల, అదే కష్టమందురు. దాని తాళము సమముగా నడవదు. ఒకచోట చిన్న మాత్ర అధికముగా చేరును, ఒకచోట గతి విరుగును. నలుగురిలో ఒకడు వెండ్రుకవాసి ముందుపడినను గది అంతటికి తెలియును. నలుగురు నాలుగు పాటలు పాడుట నేర్చుకొనవచ్చును. నలుగురు ఒక్క పాట ఒక్క నోటితో పాడుటకు ఎక్కువ ప్రేమ కావలెను.

పియానోను గూర్చి ఒక మాట. ఫిడేలువాడు వ్రేలు కొంచెము జరిపి శ్రుతి సరిచేసికొనగలడు. చెల్లోయు అంతే. క్లారినెట్టువాడు పెదవులతో కొంత సవరించుకొనగలడు. పియానో మాత్రము వాయించుచుండగా తన శ్రుతి మార్చుకొనజాలదు. అది ఎట్లున్నదో అట్లే పలుకును. గనుక పియానో ఉన్న మేళములో తక్కినవారందరు దానియొద్దనే శ్రుతి తీసికొందురు. గెర్లిట్సులోని పియానో శ్రుతి తప్పినది, మెట్లు అంటుకొనునది. అయినను మార్గము లేదు. మారగలవారు మారలేనిదానితో కూడుకొనవలెను. ప్రతి సంఘములోను ఒక ముసలి పెద్దగారుందురు. ఆయన ఇక మారరు. ఆయన రాగము నలుబది యేండ్ల క్రిందటిది. పడుచువారు చిరచిరలాడుదురు. మీరు మారగలవారు గనుక, కుమారులారా, మీ వ్రేలు కొంచెము జరుపుడి. ఇది న్యాయమా అని నన్నడుగకుడి. మేళము నిలుచుటకు మార్గమిదే.

వాయించినవారిని గూర్చి ఇంతవరకు చెప్పితిని. వినినవారి మాట యేమి?

ఫిలిప్పీ పట్టణపు చెరసాలలో పౌలును సీలయు దెబ్బల గాయములతో, కాళ్ళకు బొండ వేయబడి, నడిరాత్రివేళ దేవునికి కీర్తనలు పాడిరి. ఈ సంగతి మీకు కంఠపాఠమే. అయితే లూకా అక్కడ ఒక చిన్నమాట చేర్చెను. మనము భూకంపము కొరకు తొందరపడి దానిని దాటిపోవుచుందుము. తక్కిన ఖైదీలు చెవియొగ్గియుండిరని ఆయన వ్రాసెను. వారెవరో, యే నేరములకు చెరలో పడినవారో మనకు తెలియదు. వారు పాడలేదు. ఆ కీర్తనలు వారికి తెలియవు. వారు వినిరి. ఆ వినుట భూకంపమునకు ముందటిది, తలుపులు తెరువబడక ముందటిది. చెరసాల చెరసాలగానే యున్నప్పుడు అది జరిగినది.

గెర్లిట్సులో వినినవారికిని ఆ సంగీతము తెలియనిదే. అది క్రొత్తది, చెవికి కఠినమైనది. పాత పాటల మాధుర్యము కొరకు వచ్చినవారిని అది అలరించియుండదు. అందరికి నచ్చెనని చెప్పుటకు లేదు. అయినను చలిలో, ఆకలి కడుపుతో, వారు సద్దుచేయక వినిరి. అంత శ్రద్ధతో తన సంగీతమును మరి యెన్నడును ఎవరును వినలేదని మెస్సియాన్ తరువాతి కాలమున చెప్పుచుండెను. ఆయన 1992 వరకు జీవించెను. గొప్ప నగరములలోని గొప్ప సభలు ఆయన సంగీతమును వినినవి. అయినను ఆ మాట ఆయన కొయ్య బారకాసులోని ఖైదీలను గూర్చియే చెప్పెను.

ఇక్కడ ఒక సత్యమును దాచరాదు. ఆ రాత్రి అయిదువేలమంది వినిరని ఆయన చెప్పుచుండెను. ఆ బారకాసులో కొన్నివందలమందికే చోటుండెనని పరిశోధకులు తేల్చిరి. చెల్లోకు మూడే తంత్రులుండెనని ఆయన చెప్పుచుండగా, వాయించిన పాస్కియే మాత్రము కాదు, నాలుగుండెనని కడవరకు చెప్పెను. భక్తిగలవారి నోటనే లెక్కలు పెరుగుట మనకు క్రొత్త కాదు. మన ఉజ్జీవ కూటముల నివేదికలలో కూడివచ్చినవారి సంఖ్య ఎట్లు పెరుగునో నేను వేరుగా చెప్పనక్కరలేదు. నాలుగు తంత్రులున్న చెల్లో, నాలుగు వందలమంది వినువారు, ఇది చాలదా? దేవుని కార్యమునకు మన అతిశయోక్తి ఆసరా కానక్కరలేదు.

మరియొకటి. ఆ సంగీతము వలన శిబిరపు ద్వారము తెరువబడలేదు. భూకంపము రాలేదు. మరునాడు ఉదయమున ఖైదీలను యథాప్రకారముగా లెక్కించిరి. మెస్సియాన్, పాస్కియే ఆ 1941వ సంవత్సరములోనే విడుదల పొంది ఫ్రాన్సునకు తిరిగి వెళ్ళిరి. యూదుడైన అకోకాకు ఆ భాగ్యము కలుగలేదు. అతడు ఆ యేడు ఏప్రిల్ మాసమున, ఖైదీలను తరలించుచున్న రైలు పరుగెత్తుచుండగా, తన క్లారినెట్టును విడువక దానితోనే క్రిందికి దుమికి తప్పించుకొనెను. లె బూలేర్ యుద్ధమైన తరువాత ఫిడేలు చాలించి నాటకములలో వేషములు వేయువాడాయెను. ఆ నలుగురు ఒకే విశ్వాసము గలవారును కారు. మెస్సియాన్ భక్తి తక్కిన ముగ్గురికి లేదు. అయినను వాయించుచుండగా ఒకరి ఊపిరి ఒకరు వినిరి. ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుకొను మనము అంతమాత్రము వినుచున్నామా అని అడిగికొనవలసినదే.

శత్రుపక్షమునందును చెవిగలవాడొకడు ఉండెను. కార్ల్ ఆల్బర్ట్ బ్రూల్ అను జర్మను అధికారి మెస్సియానుకు వ్రాసికొనుటకు కాగితములును పెన్సిళ్ళును తెచ్చి యిచ్చెను, ఎవరును అడ్డుపడని చోటు చూపెను. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రి గడియలోనే తన ఖైదీల గాయములు కడిగెను గదా. కాగితము చిన్న సంగతియే. గాయములు కడుగుటకు తెచ్చిన నీళ్ళును చిన్న సంగతియే.

ఆ సంగీతమునకు మెస్సియాన్ పెట్టిన పేరు ప్రకటన గ్రంథము 10వ అధ్యాయము నుండి తీసికొన్నది. మేఘము ధరించి, శిరస్సుమీద ఇంద్రధనుస్సుతో, ఒక పాదము సముద్రము మీదను ఒక పాదము భూమి మీదను మోపి, ఆకాశము తట్టు చెయ్యెత్తి ప్రమాణము చేయు దూతను మీరెరుగుదురు. మన తెలుగు బైబిలులో ఆ దూత ప్రమాణము ఆలస్యమును గూర్చినది. మెస్సియాన్ చదివిన ఫ్రెంచి బైబిలులో అది కాలమును గూర్చినది, కాలము ముగియుటను గూర్చినది. మూలమందలి గ్రీకు మాట రెండర్థములకును చోటిచ్చును. పండితులు తర్కించుకొందురు గాక. చెరలో దినములు లెక్కించువానికి ఆలస్యమని వేరుగా, కాలమని వేరుగా ఉండునా? ఇంకెంతకాలమని అడుగుటయే వాని బ్రదుకు. పంటకు వాన రాని సంవత్సరమున మీరును అట్లే అడిగితిరి. అప్పు తీరని ఇంట అట్లే అడుగుదురు. మంచముపట్టిన తల్లి ప్రక్కను కూర్చున్న కుమార్తె అట్లే అడుగును. ఆ దూత చెయ్యి దించలేదు. ఖైదీలు ఆ కొయ్య గోడల నడుమ కూర్చుండి, ఆ యేబది నిమిషములు, చెరలో లెక్కించు కాలము గాక మరియొక కాలమున్నదని వినిరి.

నేటికిని ఆ శిబిరమున్న స్థలమందు జనవరి 15న ఆ సంగీతమును వాయించుచున్నారు. వినువారు చలిలో ప్రయాణము చేసి వత్తురు.

రాబోవు నెలలో మీ ఊరికి అయ్యగారు రాని ఆదివారములు ఏవో ముందుగా తెలిసికొనుడి. ఆ దినములలో గంట వేళతప్పక కొట్టుడి. పాఠము చదువువారిని శనివారమే నియమింపుడి. చదువు వచ్చిన ఆడపిల్ల యున్నయెడల ఆమెనే నియమింపుడి. బల్లలు వరుసగా వేయక, చాపలు పరచుకొని ఒకరి ముఖమొకరికి కనబడునట్లు కూర్చుండుడి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము 25వ వచనము చదివిన తరువాత వెంటనే పాట ఎత్తుకొనక కొంతసేపు ఊరకుండుడి. ప్రార్థన చేయువారు క్లుప్తముగా చేసి కూర్చుండుడి. హార్మోనియము లేదని చింతింపకుడి. రాహేలమ్మను కీర్తన ఎత్తుకొనుమనుడి. ఆమె ఎక్కడ ఊపిరి తీసికొనునో కనిపెట్టి, అక్కడ మీరందుకొనుడి.